నా వైపు వచ్చిన సర్వీసులు

బాపట్లలో డిగ్రీ రెండో ఏడాది చదువుతుండగా నాకు వాలీబాల్ కోర్టులో బంతి సరిగ్గా కనబడడం మానేసింది. ఎడమ కన్ను ముందునుంచీ మసకే. ఆ ఏడాది కుడి కన్నూ అదే దారి పట్టింది. అవతలివాళ్ళు సర్వీసు చేస్తే బంతి నెట్ దాటేదాకా రెండుగా, చుట్టూ నీడతో కనబడేది. ఎవరికీ చెప్పలేదు. నాన్న పడవ పని మానేశాక అమ్మ ఒక్కతే చేపల గంప ఎత్తుతోంది. యూనివర్సిటీ జట్టులోకి వెళ్తే స్పోర్ట్స్ కోటాలో నాకో ఉద్యోగం వస్తుందని ఇంట్లో అందరి ఆశ. కళ్ళ సంగతి బయటపడితే కాలేజీలో మాకు ఆటలు నేర్పే పీడీ సార్ నన్ను పక్కన కూర్చోబెడతారు.

స్మాష్ కొట్టేవాళ్ళకి బంతి లేపి అందించే మా లిఫ్టర్‌కి మాత్రం తెలిసిపోయింది. ఆమె పిట్టలవానిపాలెం నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి. కాళ్ళ దగ్గర పడ్డ బంతి కోసం నేను తడుముకోవడం ఒకరోజు ప్రాక్టీసులో చూసింది.

"ఏంటే, నీకు కనబడట్లేదా?"

"ఎవరికీ చెప్పకే. నీ కాళ్ళు పట్టుకుంటా."

చెప్పలేదు. ఆ రోజు నుంచి బంతి నా వైపు వస్తే చాలు, "ముందుకు", "వెనక్కి", "వదిలెయ్" అని అరిచేది. ఆరు నెలలు ఆ గొంతును పట్టుకుని ఆడాను. ఆటలో అలా మాట్లాడుకోవాలని సార్ మిగతావాళ్ళకి మమ్మల్నే చూపించేవారు.

రేపల్లెలో ఆడిన మ్యాచ్‌కి యూనివర్సిటీ సెలెక్టర్లు వచ్చారు. మొదటి సెట్ మాదే. రెండో సెట్లో వాళ్ళ కెప్టెన్ వరసగా రెండు సర్వీసులు నా మీదకే వేసింది. రెండూ పోగొట్టాను. మూడోదానికి ముందు ఆమె తన జట్టు వైపు తిరిగి ఏదో చెప్పింది. అంతే, బంతి లేచేసరికి వాళ్ళంతా చప్పట్లు కొడుతూ కేకలు పెట్టారు. మా లిఫ్టర్ గొంతు ఆ కేకల్లో కలిసిపోయింది. చేతులు చాపి గాలిలో నిలబడ్డట్టు నిలబడ్డాను. బంతి భుజానికి తగిలి బయటికి పోయింది.

ఆ తర్వాత సర్వీసులన్నీ నాకే. మా లిఫ్టర్ తన చోటు వదిలి నా ముందుకు పరిగెత్తుకొచ్చేది. ఒకసారి ఇద్దరం గుద్దుకుని పడ్డాం. సార్ నన్ను మార్చబోతే, వద్దండి, ఒక్క చాన్సివ్వండి అని ఏడ్చాను. ఇచ్చారు. మూడో సెట్ కూడా పోయింది.

మ్యాచ్ అయ్యాక ఆ కెప్టెన్ మా దగ్గరికి వచ్చింది.

"అక్కా, నీకు బంతి కనబడట్లేదు కదూ? తల వంచి వంచి చూస్తున్నావు. మా అమ్మ కూడా అలాగే చూసేది."

మా లిఫ్టర్ ఆమె మీదకు వెళ్ళింది. "తెలిసే దాని మీద వేశావా? సిగ్గు లేదా నీకు?"

"తెలిసే వేశాను. గెలవడానికే కదా వచ్చాం." గొంతు పెంచకుండానే అంది. "నువ్వు ఎన్నాళ్ళ నుంచి అరుస్తున్నావక్కా?"

ఆ కెప్టెన్ నా వైపు తిరిగి, "వెంటనే కళ్ళు చూపించుకో" అని వెళ్ళిపోయింది.

వారం తర్వాత తెనాలిలో కంటి ఆసుపత్రికి వెళ్ళాం. అమ్మ, నేను, మా లిఫ్టర్. నల్లగుడ్డు మీది పొర పల్చబడి ముందుకు పొడుచుకొస్తోందన్నారు డాక్టరు గారు. "ఆరు నెలల ముందు రావాల్సిందమ్మా. ఉన్న చూపు నిలబెట్టడానికి చూస్తాం. పోయింది మాత్రం తేలేం. బంతాటలు ఇక వద్దు." అమ్మకు సగమే అర్థమైంది. "ఉద్యోగానికి ఏం ఇబ్బంది లేదు కదండి?" అని అడిగింది.

బయట మెట్ల మీద కూర్చుని మా లిఫ్టర్ వెక్కి వెక్కి ఏడ్చింది. "నేను అరవకపోతే అప్పుడే బయటపడేదే. నేనే పోగొట్టాను."

చెప్పొద్దని కాళ్ళు పట్టుకుంది నేను. ఆ మాట అప్పుడే అనాల్సింది. అనలేదు. ఎవరో ఒకరి మీద తోసెయ్యకపోతే నిలబడలేనట్టుగా ఉంది ఆ రోజు. ఆమె చెయ్యి చాపితే పట్టుకోకుండా, అమ్మ కొంగు పట్టుకుని మెట్లు దిగాను.

ఆ ఏడాదే ఆమె యూనివర్సిటీ జట్టుకు ఎంపికైంది. మొదటగా నాకే ఫోన్ చేసిందట. నేను ఎత్తలేదు. రెండేళ్ళు ఎత్తలేదు.