పడవ గొట్టం మీద బొటనవేలు

మొన్న అమీర్‌పేటలో మా వంటింటి గొట్టం కారుతుంటే బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు పాతది కోసి పారేసి, ప్లాస్టిక్కుది పెట్టి, అంచుకు ఏదో జిగురు రాసి, "పది నిమిషాల్ల ఎండుతది తాతా, ఫికర్ చెయ్యకు" అంటూ చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. పది నిమిషాలట! నాలాగే మోకాళ్ళు పట్టుకుని లేచే వయసువాళ్ళకు చెబితే నమ్ముతారు గాని, ఒకప్పుడు జానెడు గొట్టం అంచు ఆరడానికి నాలుగు రోజులు కాచుకునేవాళ్ళం; కాచుకోవడం చేతగాక నేను మా మేనమామ కొలువుకే ఎసరు పెట్టబోయాను.

నా చదువు నాలుగో తరగతితో ముగిసింది. పంతులుగారు నన్ను పంపేశారో, నేనే ఆయనకు విశ్రాంతి ఇచ్చానో ఇప్పటికీ తేల్చుకోలేను. మా నాన్న నేతపనివాడు. మగ్గం ముందు కూర్చోబెట్టినప్పుడల్లా నేను ఎగిరి లేవడం, పోగులు తెగడం చూసి చూసి విసిగిపోయి, చివరికి పంజాగుట్టలో ఒక నవాబుగారి బంగళాలో మోటారు మెకానిక్కుగా ఉన్న మామకు నన్ను అప్పగించాడు. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. ఆనాటి పంజాగుట్ట అంటే బండరాళ్ళు, సీతాఫలం పొదలు, వాటి నడుమ దూరదూరంగా బంగళాలు. పొద్దున ఒక మోటారు పోతే దాని దుమ్ము మధ్యాహ్నం దాకా మాకు కాలక్షేపం.

యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై, నవాబుగారు చెరువులో షికారుకు వాడే చిన్న మోటారు పడవ బంగళా షెడ్డులో దుంగల మీద ఏళ్ళ తరబడి పడి ఉంది. యుద్ధం ముగిశాక నవాబుగారికి దానిమీద మళ్ళీ మనసైంది. ఆ పడవ వెనకభాగంలో ఇంజనుకో చెక్కతొట్టి, అందులోకి చిమ్మిన నీరు తిరిగి చెరువులోకి జారిపోవడానికి వెనకచెక్క గుండా రెండు ఇత్తడి గొట్టాలు ఉండేవి. అవి పచ్చబడి, పలచబడి, మేకు గుచ్చితే దిగబడేంతగా అరిగిపోయాయి. పడవలో చుక్క నీరు కనబడినా బొంబాయి నుంచి వేరే మనిషిని పిలిపించుకుంటానని నవాబుగారు నవ్వుతూనే అన్నారు. కొలువు పోతే బంగళా వెనక గదీ పోతుంది. ఆ గదిలో మామ, అత్త, ముగ్గురు పిల్లలు, ఎప్పుడూ ఒకచోట నిలవని నేను.

మామ పని చూస్తుంటే నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది, అంత నిదానం. పాత గొట్టాలు ఊడదీశాడు, కన్నాలు గీకాడు, గీకిన చెక్కకు అవిసెనూనె పట్టించి రెండు రోజులు దాని మొహం చూస్తూ కూర్చున్నాడు. కొత్త గొట్టం కొసలను బొగ్గుల్లో ఎర్రగా కాల్చి, చల్లారనిచ్చి, మెత్తబడ్డాక గుండ్రటి సుత్తితో చుట్టూ తట్టుతూ ఉమ్మెత్తపువ్వులా విప్పాడు. అంచు కింద నీరు చొరకుండా సఫేదా ముద్ద, అదే నూనెలో నూరిన తెల్లసీసం. అలా ఒకటి బిగించాడో లేదో, నవాబుగారిని స్టేషనుకు తీసుకువెళ్ళమని కబురొచ్చింది.

"అల్లుడా, గీ రెండోదాన్ని ఎర్రగ కాల్చి పెట్టు. నేనొచ్చెదాంక సుత్తె ముట్టకు" అని మరీ చెప్పి వెళ్ళాడు.

బొగ్గులు రాజేయాలి, ఊదాలి, కాల్చాలి, చల్లారేదాకా ఆగాలి. ఎవడు ఆగుతాడండీ! కాల్చని గట్టి గొట్టాన్నే కన్నంలోకి దూర్చి దబదబా కొట్టాను. పువ్వు విచ్చింది, తొట్టి లోపలివైపు అంచున వెంట్రుకంత పగులూ విచ్చింది. దాని మీద సఫేదా దట్టంగా మెత్తి, పైన రంగు పూసి, ఈల వేసుకుంటూ నిలబడ్డాను. మామ వచ్చి, సుత్తి ముట్టినందుకు నాలుగు చీవాట్లు పెట్టి, అంచు చూసి మాత్రం "మస్తు కుదిరిందిరా" అన్నాడు. ఆ మెప్పు నాకు ముల్లులా దిగింది. ముద్ద ఆరిన ఆ నాలుగు రోజులూ షెడ్డు చుట్టూ తిరిగి తిరిగి కాళ్ళు అరిగాయి. విచిత్రమేమిటంటే ఒక్కరికీ అనుమానం రాలేదు. నేను కుదురుగా ఉంటేనే కదా ఇంట్లో కంగారుపడేది.

ఎడ్లబండి మీద పడవను చెరువుకు ఖైరతాబాదు వైపున్న గట్టుకు చేర్చి నీళ్ళలో దింపాం. ముందు నవాబుగారూ ఇద్దరు అతిథులూ, ఇంజను దగ్గర మామ, పక్కన నేను. చెరువు నడిమికి వెళ్ళేసరికి ఇంజను అదురుకు ముద్ద పెచ్చులా రాలింది. పగులులోంచి నీరు సన్నగా గొట్టం చుట్టూ చెక్కలోకి దిగి, పడవ అడుగుకు పాకడం మొదలైంది. చటుక్కున కూర్చుని బొటనవేలు అదిమిపెట్టాను. గంటసేపు. వేలు మొద్దుబారింది, నడుము పట్టేసింది, ముక్కు మీద ఈగ వాలి తీరిగ్గా కాళ్ళు కడుక్కుంది, నేను కదల్లేదు. కోతిలా గెంతే ఈ పిల్లవాడికి ఇవాళ ఏమైందని నవాబుగారు ఉర్దూలో అడిగారు. మామ నా వేలు చూశాడు, దాని కింది తడి చూశాడు, నా మొహం చూశాడు.

"నీళ్ళంటే భయం సర్కార్ మావోనికి. గట్టిగ పట్టుకున్నడు" అన్నాడు. అందరూ నవ్వారు.

గట్టుకు చేరి వాళ్ళు మోటారు ఎక్కి వెళ్ళిపోయాక, మామ నీలంగా మారిన నా వేలిని రెండు చేతులతో రుద్దాడు.

"కాల్చలేదు గదరా?"

"లేదు మామా. ఆగలేకపోయిన."

"గప్పుడే జెప్తే ఇద్దరం కలిసి మల్ల చేసెటోళ్ళం గద."

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. మర్నాడు ఆ గొట్టం ఊడదీసి, నాచేతే బొగ్గులు రాజేయించి, అది ఎర్రబడి చల్లారేదాకా నా పక్కనే కూర్చున్నాడు.

ఆ బంగళా ఉన్నచోట ఇప్పుడు అద్దాల దుకాణాలు. ఆ చెరువు మీద పడవలకు టిక్కెట్లు. మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆ తరవాత నేనూ సొంత షెడ్డు పెట్టి ఎంతోమందికి పని నేర్పాను, మంచి మెకానిక్కుననే పేరూ తెచ్చుకున్నాను. కాని ఎవరి చెయ్యి కాస్త తడబడినా గయ్యిమని లేచి, సుత్తి లాక్కుని నేనే చేసేసేవాణ్ణి. పక్కన కూర్చునే ఓపిక మామతోనే పోయింది. నా షెడ్డులో ఎవరూ ఎన్నడూ తప్పు ఒప్పుకోలేదు. నా నోటికి జడిసి దాచేస్తున్నారని తెలియక, తప్పులే జరగలేదని చాలాకాలం గొప్పలు చెప్పుకుంటూ తిరిగాను.