ఆరు గంటల సంధ్య, ఆరున్నర సూర్యుడు

నలభై ఆరేళ్లు నిండేదాకా జయాబాయి సూర్యుడు అస్తమించడం చూడలేదు. ఆమె చూపులో లోపం లేదు. సూర్యుడూ ఆ జిల్లాలో పని ఎగ్గొట్టే రకం కాదు. రాయచూరు ఎండ తెలిసినవాళ్లెవరూ ఆయన హాజరును శంకించరు. సంగతి ఏమిటంటే, ఆయన దిగిపోయే వేళకు ఈమె ఎప్పుడూ దీపం ముందు కూర్చుని వత్తి సరిచేస్తూ ఉండేది.

పుట్టిల్లు రాయచూరు కోట లోపలి సందుల్లో. పడమటి ఎండకు జడిసి వాళ్ల తాత ఆ వైపు గోడకు కిటికీ పెట్టించలేదు. పందొమ్మిదో ఏట జగన్నాథ్‌ను పెళ్లాడి వచ్చాక అత్తగారు రెండు నియమాలు చెప్పారు. పొద్దుగూకే వేళకు ఇల్లాలు ఇంట్లో ఉండి దీపం పెట్టాలి. దీపం పెట్టాక ఇల్లాలు గడప దాటకూడదు. ఈ రెంటి మధ్య చీమ దూరేంత సందు కూడా లేదని జయాబాయికి కనిపెట్టడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. అత్తగారు పోయారు, నియమాలు మాత్రం ఆరోగ్యంగా ఉన్నాయి.

జగన్నాథ్ కృష్ణ ఒడ్డున థర్మల్ ప్లాంటులో కంట్రోల్ రూము ఆపరేటరు. రాష్ట్రంలో సగం ఊళ్లలో దీపాలు తన చేతి మీదుగా వెలుగుతున్నాయని ఆయన నమ్మకం. అందులో కొంత నిజం కూడా ఉంది. సొంత ఇంట్లో దీపం మాత్రం తన శాఖ కాదు.

ప్లాంటు వాళ్ల కాలనీలో సూర్యాస్తమయం అనేది నిజానికి ప్రకృతి చేతుల్లో ఉండేది కాదు. పడమట పొగగొట్టాలు, బొగ్గు గుట్టలు, వాటి పైన బూడిద తెర. మధ్యాహ్నం నాలుగు దాటితే సూర్యుడు గోడ మీద పాత నూనె మరకలా అయిపోయేవాడు. ఎప్పుడు మునిగాడో ఎవరికీ తెలియదు. అందుచేత సంధ్యాసమయాన్ని నిర్ణయించే అధికారం జంబన్న అనే లైన్‌మన్‌కు దఖలు పడింది. జంబన్న ఆరు గంటలకు వీధి దీపాల స్విచ్చి వేసేవాడు. కాలనీ మొదలైంది చలికాలంలో. అప్పుడు ఎవరో ఆరింటికి వెయ్యమన్నారు, తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. జంబన్న చెప్పిన మాట తప్పని మనిషి. ఎనిమిదేళ్లుగా పుష్యమైనా వైశాఖమైనా ఆరుకే స్విచ్చి. వీధి దీపం వెలిగితే ఆడవాళ్లు ఇంట్లో దీపం వెలిగించేవాళ్లు, సంధ్య వార్చే మగవాళ్లు చెంబు అందుకునేవాళ్లు. ఎండాకాలంలో అప్పటికింకా వెలుతురుగానే ఉండేది. దాన్ని వీధి దీపాల ప్రతాపంగా అందరూ సర్దిపెట్టుకున్నారు.

ఇంతకాలం జయాబాయికి ఇందులో లోటేమీ కనిపించలేదు. ఆ ఏడు సంక్రాంతి తర్వాత ఒకరోజు కూతురు శృతి, ఏడో తరగతి, నోటుపుస్తకం పట్టుకుని వచ్చి సూర్యాస్తమయం మీద పది వాక్యాలు చెప్పమంది. సూర్యుడు పడమట అస్తమించును, అని జయాబాయి మొదలుపెట్టింది. పక్షులు గూటికి చేరును. తర్వాత ఆగిపోయింది. ఆకాశం ఏ రంగుగా మారును అని కూతురు అడిగితే ఎర్రగా అంది. ఎర్రగా అంటే కుంకుమలాగానా, ఇటుకలాగానా అని అడిగితే పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్లిపోయింది. పాలు లేవు. వంటింట్లో ఉత్త గిన్నె ముందు కాసేపు నిలబడింది. ఆ నిలబడడంలోనే ఒక నిశ్చయం జరిగిందని తర్వాత తెలిసింది.

మార్చి ఆఖరులో కాలనీ సంఘం ఒక చెరువు ఒడ్డుకు రెండు రోజుల విహారయాత్ర పెట్టింది. సంఘానికి కార్యదర్శి జగన్నాథ్. కాలువ నీళ్లు సిరవార దాకా వెళ్లి వరి పండిస్తున్నాయి గానీ ఈ చెరువు ఉన్న వైపు మొహం తిప్పవు. చుట్టూ ఏనుగుల మందలా నల్లటి బండగుట్టలు, గడ్డి కూడా మొలవని నేల, మధ్యలో ఎవరో మరిచిపోయి వెళ్లినట్టు ఇంత నీరు. ఒడ్డున అందరూ ఐ.బి. అని పిలిచే పాత సర్కారు బంగళా. ముప్పై ఐదు మంది ప్రయాణానికి జగన్నాథ్ కార్యక్రమ పత్రం ఒకటి రాసి సైక్లోస్టైల్ తీయించి పంచాడు. అందులో మొదటి రోజు సాయంత్రం ఇలా ఉంది: ఐదున్నరకు సూర్యాస్తమయ నౌకా విహారం, పురుషులు, పిల్లలు. ఆరుకు సంధ్య, దీపారాధన. ఆరుంబావుకు ఉప్పిట్టు (ఉప్మా), మహిళలచే.

జయాబాయి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, బస్సు కిటికీ చప్పుడు చేయకుండా సందులో దోపింది. పక్కింటి కావేరితో అంది: "కావేరీ, నేను ఉప్పిట్టు చేయనీకి వస్తలేను. పొద్దు మునిగేది నీళ్ల మీదనుంచి చూడనీకి వస్తున్న. చూడకుండ తిరిగి బస్సెక్క."

కావేరికి ఆమె అంటే భయమూ భక్తీ సమానం. పొద్దు మునిగితే చూడనీకి ఏముంటదక్కా, చీకటే గదా అని మాత్రం అంది.

నౌక అన్నది ఒక పుట్టి. వెదురు బుట్టలా అల్లి, ఎరువుల సంచులు చుట్టి, పైన డాంబరు పూసిన గుండ్రటి వాహనం. దానికి ముందూ వెనకా ఉండవు. నడిపేది భీమవ్వ, గిల్లేసూగూరు వైపు మనిషి, యాభై దాటినది, మోచేతి దాకా డాంబరు మరకలు. ఆమె మగవాళ్లను రెండు విడతలుగా తిప్పి ఆరుకు పది నిమిషాలుండగా ఒడ్డుకు చేర్చింది. సూర్యాస్తమయ నౌకా విహారం ఆ విధంగా, సూర్యుడు గుట్టల పైన నిటారుగా నిలబడి చూస్తుండగా, దిగ్విజయంగా ముగిసింది.

జగన్నాథ్ చేతి గడియారం చూశాడు. ఆరైంది. ఇక్కడ జంబన్న లేడు గనక ఆ బాధ్యత తనదే అనుకుని సంధ్య అయిందని ప్రకటించాడు. మగవాళ్లు పదిమంది చెంబులు పట్టుకుని నీళ్ల అంచున పడమటి వైపు తిరిగి కూర్చుని కళ్లు మూసుకున్నారు. జయాబాయి ఇంటినుంచి గుడ్డలో చుట్టి తెచ్చిన ఇత్తడి దీపాన్ని ఐ.బి. వరండాలో పెట్టి వెలిగించింది. వత్తి మంట ఆమెకు కనిపించలేదు. ఎండ అంత సూటిగా వరండాలోకి పడుతోంది మరి.

మంట మీద చెయ్యి అడ్డం పెట్టి చూసింది. తల తిప్పి గుట్టల వైపు చూసింది. ఎనిమిదేళ్ల సంధ్యలన్నీ ఆమె కళ్ల ముందు ఒక్కొక్కటిగా కూలిపోయాయని చెబితే అతిశయోక్తి. ఆమె పైట కొంగు బొడ్లో దోపుకుని మెట్లు దిగింది.

భీమవ్వ పుట్టిని బోర్లించబోతోంది. తనను తిప్పమని జయాబాయి అడిగితే ఆమె ఎగాదిగా చూసి ఒక్కదాన్ని తీసుకుపోలేనంది. "నలుగురన్న ఉండాల తల్లీ. ఒక్కదానివే కూసుంటే పుట్టి ఒక పక్కకు ఒరుగుతది. ఒరిగినంక నువ్వు పొద్దును చూడవు, చేపల్ని చూస్తవ్."

జయాబాయి వంటశాలకు వెళ్లి ముగ్గురు కావాలంది. ఆడవాళ్లు అట్లకాడలు పట్టుకుని నేల చూపులు చూశారు. దీపం పెట్టేసినం గదక్కా, అన్నారు. వాళ్లను ఆమె తప్పుబట్టలేదు. అదే మాట తానూ ఇరవై ఏడేళ్లుగా అంటూ వచ్చింది. తిరిగి వచ్చి రాళ్లు పెట్టుకుందామంది. రాళ్లు అడుగును కోస్తాయని భీమవ్వ ఒప్పుకోలేదు. మెత్తటి బరువైతే సరేనంది.

అప్పుడు కావేరి వెనకనుంచి మెల్లగా అంది: "అక్కా, నాకు నీళ్లంటే భయం. నేను రాను. కానీ బస్తాలు మూడున్నయి."

బియ్యం బస్తా ఒకటి, జొన్నపిండి బస్తా ఒకటి, రవ్వా ఉల్లిగడ్డలూ కలిపి ఇంకొకటి. రెండు రోజుల తిండి మొత్తం అదే. భీమవ్వ ఒక్కొక్కటి వీపున వేసుకుని వచ్చి పుట్టిలో మూడు దిక్కులా పెద్దమనుషుల్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది. నాలుగో దిక్కున జయాబాయి కూర్చుంది. కళ్లు మూసుకున్న పదిమందిలో ఎవరికీ ఈ రవాణా తెలియలేదు. ధ్యానం అంటే అలా ఉండాలి.

అందరికంటే ముందు జపం ముగించింది జగన్నాథే. కళ్లు తెరిచేసరికి ఎదురుగా, బారెడు దూరంలో, పెళ్లాం బియ్యం బస్తా పక్కన కూర్చుని ఉంది.

"ఏందిది? దీపం పెట్టినంక ఎక్కడికి? దిగు."

"దీపం ఎందుకు పెట్టిన?"

"సంధ్య అయ్యింది గనక పెట్టినవ్."

జయాబాయి చెయ్యెత్తి తన వెనక్కి, గుట్టల మీదికి చూపించింది. "మరి అదేంది?"

ఆయన చూశాడు. గుట్ట శిఖరానికి నిలువెత్తు పైన, దాచడానికి వీల్లేనంత నిండుగా, అది ఉంది. ఇప్పుడే ముగిసిన సంధ్య తాలూకు నీళ్లు ఆయన వేళ్ల చివరనుంచి ఇంకా కారుతున్నాయి.

"అది సూర్యుడైతే దీపం వేళ ఇంకా కాలే, నేను పోవచ్చు," అంది జయాబాయి, లెక్చరర్లకు కూడా చేతకానంత నిదానంగా. "వేళ అయ్యిందంటరా, అయితే అది సూర్యుడు కాదు. ఏదో ఒకటి నలుగురిల చెప్పండి. చెప్తే దిగుత."

చెప్పడం అంత సులువు కాదు. సూర్యుడేనంటే తానూ, తన మాట మీద తొమ్మిది మందీ, ఎనిమిదేళ్లుగా కాలనీ మొత్తమూ సంధ్య తప్పినట్టు. కాదంటే ఆ ఎర్రటిది ఏమిటో కనుక్కోవాలి. శాస్త్రం తెలిసిన పెద్దాయన జయతీర్థ గారు పక్కనే ఉన్నారు. జగన్నాథ్ ఆయన వైపు ఆశగా చూశాడు. జపం అయిపోయి ఒక కన్ను తెరిచిన జయతీర్థ గారు పరిస్థితి గ్రహించి, ఆ కన్ను మూసి, మళ్లీ నూట ఎనిమిది మొదలుపెట్టారు.

"జనం చూస్తున్నరు జయా," అన్నాడు జగన్నాథ్ గొంతు తగ్గించి.

"వాళ్లు నన్ను చూస్తరు, నేను పొద్దును చూస్త. ఎవరి పని వాళ్లది. భీమవ్వా, పోనీయి."

భీమవ్వ తెడ్డుతో ఒడ్డును తన్నింది. పుట్టి ఒక చుట్టు తిరిగి నీళ్లలోకి జరిగింది. తిరిగినప్పుడు జయాబాయికి మొదట భర్త కనిపించాడు, తర్వాత ఐ.బి., తర్వాత గుట్టలు, మళ్లీ భర్త. మూడో చుట్టులో ఆయన ఇంకా చిన్నగా కనిపించాడు. భీమవ్వ తెడ్డును ముందుకు వేసి తనవైపు లాగుతూ, నీటి కింద బండలు ఎక్కడెక్కడ ఉన్నాయో కాళ్ల కింద ఇంటి మెట్లు తెలిసినట్టు తెలిసినదై, నడిమధ్యకు తీసుకుపోయి ఆపింది. రోజూ చూస్తావా అని జయాబాయి అడిగితే, రోజూ మునుగుతనే ఉంటది, అంది ఆమె. కొత్తగా ఏం చేస్తదని.

ఒడ్డున ఉప్పిట్టుకు పోపు పడింది, ఎసరు కాగింది, రవ్వకు చెయ్యి పెడితే రవ్వ లేదు. ఈ వార్త మొదట పిల్లలకు, వాళ్లనుంచి పెద్దలకు చేరింది. ఇందాకటిదాకా ధర్మసంకటంగా ఉన్నది కాస్తా ఆకలిగా మారి, అందరికీ అర్థమయ్యే సమస్య అయింది. రవ్వ తెచ్చియ్యమని జగన్నాథ్ కేక వేశాడు. పొద్దు మునిగినంక తెస్తనని నీళ్ల మీదనుంచి జవాబు వచ్చింది. చెరువు మీద మాట బాగా వినపడుతుంది, ఆరుసార్లు చెప్పనక్కరలేదు.

ఆ తర్వాత ఆమె ఒడ్డు వైపు చూడలేదు. సూర్యుడు గుట్టను తాకాడు. అది కుంకుమా కాదు, ఇటుకా కాదు. పొయ్యిలో చివరి బొగ్గును ఊదితే లోపలనుంచి వచ్చే రంగు. అది ఆమెకు బాగా తెలిసినదే, అంత పెద్దది చూడలేదు అంతే. బండ ముందు అంచును కొరికింది, తర్వాత సగం. నీళ్ల మీద పొడుగ్గా పరుచుకున్న వెలుగు పుట్టి దాకా వచ్చి జొన్నపిండి బస్తా మీదికి ఎక్కింది. ఒక నీటికాకి ఆ వెలుగును అడ్డంగా దాటింది. ఆఖరి ముక్క పోవడానికి తొందర పడుతుందనుకుంది, అది పడలేదు. అప్పుడే కన్నీళ్లు వస్తే చూపు మసకబారుతుందని ఆమె కళ్లు గట్టిగా తెరిచి పెట్టింది. ఆఖరి ముక్క పోయింది.

ఒడ్డునుంచి జగన్నాథ్ గొంతు మళ్లీ వచ్చింది. ఆకలి మనిషి చేత ఏదైనా ఒప్పిస్తుంది.

"పొద్దు మునిగింది గదా జయా. ఇప్పుడు మునిగింది. ఇగ రా."

ముప్పై నాలుగు మంది విన్నారు. వంటశాలలో ఒకరు నవ్వు ఆపుకోలేక బయటికే నవ్వారు, తర్వాత మిగతా వాళ్లంతా. జయతీర్థ గారు ఎవరినీ చూడకుండా లేచి, చెంబు తీసుకుని, మళ్లీ నీళ్ల దగ్గరికి నడిచారు. వెనక ఇంకో ఇద్దరు. జగన్నాథ్ తన నోటినుంచి వచ్చింది ఏమిటో అప్పుడు విని, గడియారం చూసుకున్నాడు. ఆరు ముప్పై రెండు.

"తిప్పమంటవా?" అని భీమవ్వ అడిగింది.

గుట్టల పైన రంగు ఇంకా ఉంది. పోతూ పోతూ మారుతోంది. ఏ రంగులోకి అన్నది జయాబాయికి ఇంకా తెలియదు. ఆమె కాళ్లు చాపుకుని రవ్వ బస్తాకు వీపు ఆనించింది.

"ఇంకో చుట్టు వెయ్యి," అంది. "రవ్వ వచ్చేదాక వాళ్లను పొయ్యి ఆర్పుకోమను."