అత్త బండెక్కిన మాఘపున్నమి

యాభైల్లో మాట. టెక్కలి బజారులో మా వరుస దుకాణాల వాళ్లమంతా మాఘపున్నమికి సముద్ర స్నానానికి వెళ్లేవాళ్లం. తెల్లవారగట్ల మూడు బండ్లు కట్టేవారు. నౌపడ ఉప్పుమడులు దాటితే ఎంతో దూరం లేదు. అందరూ వెళ్తే దుకాణాలెవరు కనిపెట్టుకుని ఉంటారు? మా మేనత్త. ఏటా ఆమే.

భర్త పోయాక మా ఇంటికి వచ్చేసిన మనిషి, ఆమెకు సరదాలేముంటాయని అందరి లెక్క. ఉంటావా అని అడిగినవాళ్లు లేరు గాని, మెచ్చుకున్నవాళ్లు బోలెడు. "మా పుణ్యంలో సగం నీదే" అని ఇంటికొకరు చొప్పున చెప్పి బండెక్కేవారు. ఆ లెక్కన ఆమె పుణ్యం దాచడానికి ఒక గోదాము కట్టించాలి.

నాకు కొత్తగా పెళ్లయిన ఏడు, మేం వెళ్లేసరికి అత్త ముందుబండిలో గడ్డి మీద కూర్చుని ఉంది. ఒళ్లో పొడిచీర మూట.

"ఇదేటత్తా?" అన్నాను.

"సముద్రానికి ఎల్తన్నాను."

"మరి కొట్లో?"

"కొట్లు నావేటి?"

అందరూ నావైపు చూశారు. బేరమాడటంలో నన్ను మించినవాడు లేడని బజారంతా అనుకుంటుందని నా నమ్మకం. గొంతు సవరించుకున్నాను.

"సెంబుతో సముద్రం నీల్లు తెత్తానత్తా."

"ఆ సెంబులో కెరటం ఉంటాదేటి?"

"పోనీ, పుణ్యంలో సగం కాదు, ముప్పావు నీకే."

"మొత్తం నువ్వే ఉంచీసుకో నాయినా. నాకు సీర తడిత్తే సాలు."

ముందుగా నవ్వింది నా భార్యే. అక్కడితో నా పరపతి మునిగింది.

"అందరి కోసం ఒకలు ఉండాలంటే, ఎవులైనా దిగండి మరి. నాను దిగను" అంది అత్త.

ఒక్కరూ కదల్లేదు. బట్టలకొట్టాయనకు ఉన్నట్టుండి మొక్కు గుర్తొచ్చింది. బెల్లంకొట్టాయన మోకాలికి ఉప్పునీళ్లు తగలకపోతే కుదరదట. నేను వంగి బండిచక్రం శీల పరీక్షించాను. దానికేమీ కాలేదు. అందరి సంతోషాన్ని ఒక తట్టలో, ఆమెను ఇంకో తట్టలో పెట్టి ఇన్నేళ్లూ తూచాం. తక్కెడ పట్టింది మేమే. తూకం ఎటు మొగ్గుతుందో దుకాణదారుడికి ఒకరు చెప్పాలా?

చివరికి నాన్న పకపకా నవ్వాడు. మాది ఇనుపసామాను కొట్టు. తాళాలూ గొలుసులూ అమ్ముతాం.

"ఒరే, తాలాలమ్మినోలమే తాలాన్ని నమ్మకపోతే కొన్నోడేటి నమ్ముతాడ్రా? ఎయ్యండి తాలాలు. తోలండి బండ్లు!"

దారంతా అత్త పాడుతూనే ఉంది. బెల్లంకొట్టాయన వంత పాడాడు, శ్రుతి మాత్రం ఆయన సొంతం.

పొద్దెక్కింది. అందరం ఒడ్డున తలలు ఆరబెట్టుకున్నాం. అత్త ఒక్కతే ఇంకా నడుంలోతు నీళ్లలో ఎగురుతోంది.

"అత్తా, ఇంక రా! ఎద్దుల్ని కట్టేత్తన్నారు."

"ఇంకో పది కెరటాలు!"

"మూడు."

"పన్నెండు!"

కొనేవాడు దించుతుంటే అమ్మేవాళ్లు పెంచుకుంటూ పోయే బేరం నా జన్మలో అదే. ఇక లాభం లేదని పంచె ఎగ్గట్టి దిగాను. రెండడుగులు వేశానో లేదో, ఒక కెరటం నన్ను బోర్లా పడేసింది. అత్త నా రెక్క పట్టి లేపి, కళ్లలో ఉప్పునీళ్లు తుడుచుకుంటూ అంది:

"నీ గొడవలో నాను సరిగ్గా మునగనేదు. ఇది లెక్కలోకి రాదు. మల్లీ మొదట్నుంచీ!"