పెళ్ళి ఫోటోల ఫార్మాట్‌లో నా ఉద్యోగం

కాదు, ఆ ఉద్యోగం మా బాబాయి వల్ల రాలేదు. ఎన్నిసార్లు చెప్పాలి? పెళ్ళిళ్ళలో, భోజనాల బంతిలో, చివరికి అనకాపల్లి బస్సులో పక్క సీటాయనకి కూడా ఆయన అదే కథ చెబుతాడు. విన్నవాళ్ళు నా వైపు తిరిగి, ఎంత అదృష్టమమ్మా నీది అన్నట్టు తలూపుతారు. ఇక లాభం లేదు, జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను.

అది తొంభైల చివర. విశాఖపట్నంలో కంప్యూటర్ కోర్సు పూర్తి చేశాను గానీ ఇంట్లో కంప్యూటర్ లేదు. చోడవరంలో బాబాయికి ఉంది. ఆయనది ఫోటో స్టూడియో, ముందు గదిలో ఎస్టీడీ బూత్. నేను బ్యాగు సర్దుకుని దిగిపోయి, చెరుకు బండ్ల తూకం చీటీలు రైతుల పేర్లతో సహా తెలుగులో వచ్చే ఒక చిన్న ప్రోగ్రాం అక్కడే కూర్చుని చేశాను. మిగతా సమయమంతా బూత్ ఫోన్ నా చెవికే. వైజాగ్‌లో ఉన్న స్నేహితురాలితో కబుర్లు.

ఒకరోజు మధ్యాహ్నం, నేను దరఖాస్తు పెట్టిన హైదరాబాద్ కంపెనీ ఒకటి ఫోన్ చేసింది. "మీ ప్రోగ్రాం తెర ఎలా ఉంటుందో బొమ్మ తీసి ఆరులోగా ఈమెయిల్ చెయ్యండి. నచ్చితే ఇంటర్వ్యూకి పిలుస్తాం."

ప్రింట్ స్క్రీన్ నొక్కి, పెయింట్‌లో అతికించి, సేవ్ కొట్టాను. దానంతటదే బీఎంపీ అయి కూర్చుంది. ఒక్క బొమ్మకి ఒక ఫ్లాపీ నిండిపోయేంత సైజు. తెర మీదున్న ప్రతి చుక్క రంగునీ విడివిడిగా రాసుకుంటుంది మహాతల్లి, అక్కడ ఉత్త తెలుపే ఉన్నా సరే. పంపడం మొదలుపెట్టాను. ఇంటర్నెట్‌కీ బూత్‌కీ ఒకటే లైను, ఎవరు రిసీవర్ ఎత్తినా కథ మళ్ళీ మొదటికి.

మొదటిసారి రావికమతం నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఎత్తింది. "ఏటి బాబూ, ఫోన్లో ఎవులో కీసుమని అరుస్తన్నారు?" రెండోసారి బాబాయి ఎత్తాడు. ఆయన మీద బజారంతా వినపడేలా అరిచాను. మూడోసారి ఎత్తింది నేనే. అలవాటు. బాబాయి నవ్వాడు. తిట్టినా బాగుండేది.

"బీఎంపీ ఏటే గుంటా? జేపీజీ సెయ్యి. ఫోటో అంటే జేపీజీయే. నేను ఎన్ని పెళ్ళిళ్ళు సేసేనో తెలుసా?"

"ఇది ఫోటో కాదు బాబాయ్."

"కంటికి కనపడతందా లేదా? కనపడితే ఫోటోయే."

ఆహా, ఏం శాస్త్రం! గడియారం చూసి ఒప్పుకున్నాను. సైజు బాగా తగ్గాలని క్వాలిటీ మీట కూడా ఆయనే అట్టడుక్కి లాగాడు. బొమ్మ చకచకా వెళ్ళిపోయింది. అరగంటలో ఫోన్.

"అమ్మా, ఒక్క అక్షరం కూడా చదవలేకపోతున్నాం. వానలో తడిసిన పేపరులా ఉంది. ఇంకోటి పంపగలరా? ఆరు దాటితే ఆఫీసులో ఎవరూ ఉండరు."

తెరిచి, పెద్దది చేసి చూశాను. ప్రతి అక్షరం చుట్టూ బూడిద రంగు మురికి. బుగ్గలు, పట్టుచీర మడతలు, సాయంత్రపు ఆకాశం, ఇలా రంగు మెల్లగా మారే చోట సైజు తగ్గించడానికి జేపీజీ ఎంత వివరం వదిలేసినా కన్ను పట్టుకోలేదు. నల్ల గీత పక్కనే తెల్ల ఖాళీ వస్తే మాత్రం దానికి చేతకాదు. నా తెర నిండా ఉన్నవి నల్ల గీతలే.

"జీఐఎఫ్ చేస్తాను," అన్నాను.

"వొద్దే తల్లీ! మొన్న సేసి సూసేను. పెళ్ళికూతురి మొగం నిండా మచ్చలే. ఆళ్ళు నన్ను కొట్టనేదంతే! దాన్లో రెండొందల యాభయ్యారు రంగులే పడతాయి."

"నా తెరలో ఉన్నవి నాలుగు రంగులు బాబాయ్! నాలుగు! ఇక్కడ ఎవరికి పెళ్ళవుతోంది?"

సేవ్ చేస్తే, ఏదో పోగొట్టుకున్నానేమో అని భయం వేసేంత చిన్న ఫైలు వచ్చింది. తెరిచి చూస్తే వత్తులు, గుణింతాలు అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. పంపుతూ ఫోన్ వంక చూడకుండా రెండు చేతులూ ఒళ్ళో కట్టుకుని కూర్చున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి లేదు. లైను కోసం ఇంకా కాచుకుని కూర్చున్న పెద్దమ్మ కొంగు ముడి విప్పి నంబరు చీటీ తీసేలోగా బొమ్మ హైదరాబాద్ చేరింది.

ఆరుకి పది నిమిషాల ముందు జవాబు: "ఇప్పుడు స్పష్టంగా ఉంది. సోమవారం రండి. ఇంతకీ మొదట పంపినది ఏమిటి?"

ఉద్యోగం వచ్చింది. ఆ మొదటి జేపీజీ బొమ్మని బాబాయి ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, స్టూడియో అద్దాల్లో ఇద్దరు పెళ్ళికూతుళ్ళ మధ్య నిలబెట్టాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "మా గుంటకి ఉజ్జోగం తెచ్చిన ఫోటో," అంటాడు. కంప్యూటర్ ఆయనది, లైను ఆయనది, సరే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఫ్రేము ఇంకా అక్కడే ఉంది. మీరూ ఆయన పక్షమే అయితే దాని ముందు నిలబడి ఒక్క రైతు పేరు చదివి వినిపించండి, అప్పుడు ఉద్యోగం ఆయనే ఇప్పించాడని నేనే ఊరంతా చెబుతాను. చదవగలరా?