గంప దించే ముందు

పోయిన వేసవిలో ధవళేశ్వరంలో సర్వీసు ఆటో ఎక్కాను. చేపల గంపతో నా పక్కన కూర్చున్నావిడ ఉన్నట్టుండి అడిగింది.

"బాబూ, నువ్వు మార్కెట్లో వేలం వేసే ఆయనవనుకో. నన్ను చూపించి 'అది వచ్చిందా' అను. ఆయన రోజూ అందరి ముందూ అలాగే అంటారు. ఈవేళ అడిగేయాలి."

రెండుసార్లు నోరు తెరిచాను. మా అమ్మ వయసావిడను అలా అనలేకపోయాను.

"చూశావా, నీకే నోరు రావట్లేదు!" అని నవ్వింది. "ఇలా చెబుతాను: 'నన్ను ఆవిడ అంటేనే గంప దించుతానండీ.' బాగుందా?"

"ఆయన వేలం వేయనంటే?"

"వీధి వీధీ తిరిగి అమ్ముకుంటా."

రాజమండ్రిలో దిగాక గంప ఆవిడ నెత్తికెత్తాను. ఆవిడ తిన్నగా మార్కెట్ వైపు నడిచింది.

ఆఫీసుకు వెళ్తూ ఆవిడ మాటలన్నీ వరసగా గుర్తుచేసుకున్నాను. అతణ్ణి ఒక్కచోట కూడా 'వాడు' అనలేదు.