కొల్లేటి పిల్లకు పెట్టిన పరీక్ష

ఏలూరులో నేను పిల్లలకు మానసిక పరీక్షలు చేసే గది చిన్నది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక అలమర. ఒక వేసవిలో కొల్లేటి లంక ఊరి నుంచి ఒక మామ్మ తన మనవరాలిని తీసుకొచ్చింది. పిల్ల మూడో తరగతి.

"బళ్లో దీన్ని మొద్దంటున్నారండి. ఇంటికాడైతే వలలో చిరుగు ఎక్కడుందో ఇట్టే పట్టేద్దండి. మీరే చూసి చెప్పాలి," అంది మామ్మ, గది దద్దరిల్లేలా.

పరీక్షప్పుడు పెద్దవాళ్లను బయట కూర్చోబెడతాను. ఈవిడ కదల్లేదు. "నోరెత్తనండి, ఒట్టు," అంటూ మూల కుర్చీలో సర్దుకుంది.

మొదట రంగు చెక్కలు ఇచ్చాను. కార్డు మీది బొమ్మలా వాటిని పేర్చాలి. నేను ఒకటి చేసి చూపించానో లేదో, మిగతావి టకటకా పేర్చేసింది. చివరిది పెద్దవాళ్లు కూడా తడబడేది. కాసేపు పెదవి కొరుక్కుని, ఒక్క చెక్క తిప్పి పూర్తిచేసి, నా మొహంలోకి చూసింది. మామ్మ ఒట్టు తీసి గట్టున పెట్టి చప్పట్లు కొట్టింది.

నోటి ప్రశ్నల దగ్గర అంతా తిరగబడింది. వారానికి ఎన్ని రోజులంటే ఏడంది. చెయ్యి తెగితే ఏం చేస్తావంటే తన పేరు చెప్పింది. ఇంకొన్నిటికి నవ్వి ఊరుకుంది. "ధ్యాస నిలవడం లేదు" అని కాగితం మీద రాసుకున్నాను.

అంతలో పెన్సిలు జారి కింద పడింది. బల్ల కిందికి వంగి వెతుక్కుంటూనే అడిగాను, "మనకి పాలు ఏది ఇస్తుంది?" అని. ఉలుకూ పలుకూ లేదు. లేచి చూస్తే, నేనెప్పుడు పైకొస్తానా అని ఎదురుచూస్తోంది. అదే ప్రశ్న తన ఎదురుగా అడిగాను.

"గేదండి," అంది వెంటనే.

నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఇంకొకటి అడిగాను. నవ్వి ఊరుకుంది. కాగితం దించి అడిగాను. చెప్పింది. అప్పటిదాకా నేను తల వంచుకుని చదివినవే పోయాయి. తలెత్తి అడిగినవన్నీ వచ్చాయి. పిల్ల నా పెదవులు చూసి జవాబు చెబుతోంది.

"మామ్మగారూ, పిల్లకి సరిగ్గా వినపడుతోందంటారా?"

"ఎందుకు వినపడదండీ! పిలిస్తే పలుకుద్దండి," అంటూనే ఆవిడ గొంతు తగ్గించింది. "మేం పడవల మీద బతికినోళ్లమండి. అందరం కేకలేసే మాట్లాడతాం..." పిల్లని దగ్గరికి లాక్కుని చెవుల వెనక నిమిరింది, అక్కడేదో దెబ్బ కనపడుతుందన్నట్టు.

నేను రాసుకున్న ముక్క కొట్టేశాను. రాసినందుకు సిగ్గేసింది కూడా. తాడేపల్లిగూడెంలో తెలిసిన చెవి డాక్టరుగారికి చీటీ రాసిచ్చాను. రెండు చెవులకీ మిషన్లు కావాలన్నారాయన.

అవి పెట్టాక, శ్రావణమాసం ఉక్కలో మళ్లీ వచ్చారు. నేను వేరే ప్రశ్నలు తీసి మొదటిది చదవబోతుంటే పిల్ల చెయ్యెత్తి ఆపింది. పైకి చూపిస్తూ, "అది ఎప్పుడూ ఇలాగే అరుస్తుందాండి?" అని అడిగింది.

మా పాత ఫ్యాను. ఎన్నేళ్లుగా కిర్రుమంటోందో, నేను పట్టించుకోవడం మానేశాను.

"అవునమ్మా. ఆపెయ్యనా?"

"ఆపండి."

ఆపేశాను. చెమటలు కక్కుతూనే పరీక్ష పూర్తిచేశాం. తన వయసు పిల్లలు చెప్పగలిగినవన్నీ చెప్పింది, రెండు మూడు ఎక్కువే చెప్పింది. మామ్మ కొంగుతో మనవరాలికి విసురుతూ, మధ్యమధ్య నాకూ విసిరింది.