యంత్రాల జాబితాలో ఊయలలు

మా ఆయన రాజోలు నుంచి తెచ్చిన కొత్త కొబ్బరితాడును నీళ్లలో నానబెట్టాను. తడి పీచు వాసన తగలగానే సువార్తమ్మగారు గుర్తొచ్చారు. రెండోవాడికి ఊయల కట్టాలి. పెద్దపిల్ల పుట్టినప్పుడు నాకది నేర్పింది ఆవిడే.

డిగ్రీ చదివి నేను గుమాస్తాగా చేరిన ప్రభుత్వ పీచు ఫ్యాక్టరీలో ఆవిడ సూపర్‌వైజరు. తాళ్లు పేనే యంత్రాల దగ్గర అందరూ ఆడవాళ్లే. వాళ్ల పిల్లల కోసం ఓ పాత షెడ్డులో, పొడవు చాలక అమ్మకానికి రాని తాళ్లతో ఎనిమిది ఊయలలు కట్టించారు. రోజూ పొద్దున్నే ఆవిడే ఒక్కో తాడునూ రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు నేల మీంచి ఎత్తి వేలాడేవారు. ఆవిడ భారీ మనిషి.

"నిన్ననే చూసేరు కదండీ?" అన్నాను ఒకసారి.

"నిన్నటి సంగతి నిన్నటిదే అమ్మాయ్. నన్ను మోసిందంటే నీ పిల్ల ఓ లెక్కా?"

"తెగితే మాకు సెలవేనాండీ?" అని పనివాళ్లు ఆటపట్టించేవారు.

"తెగితే ముందు పడేది నేనే కదే, నవ్వుకుందురుగాని!"

ఇంతలో ప్రభుత్వ ఫ్యాక్టరీలను ప్రైవేటువాళ్లకు అమ్మే విధానం వచ్చింది. అందులో మాదీ చేరింది. కొనేవాళ్లకు అప్పగించే ఆస్తుల జాబితా రాసే పని నాది. రిజిస్టరులో ఊయలలు లేవు కనుక 'షెడ్డు, ఖాళీ' అని రాసేశాను. నా పిల్ల రోజూ నిద్రపోయే చోటది! సువార్తమ్మగారు చదివి, కాగితం నా ముందు పెట్టారు.

"ఖాళీ అంటే లారీలు పెట్టుకుంటారు. పిల్లల్ని ఎవరికి వదిలి పనిలోకొస్తారే వీళ్లు? నువ్వు మాత్రం ఎలా వస్తావు? యంత్రాల కింద రాయి. ఊయలలు, ఎనిమిది, పనిచేస్తున్నవి."

తనిఖీకి వచ్చిన అధికారి నవ్వారు. "ఊయల యంత్రమేంటండీ?"

"ఆయ్. ఇవి విప్పేసి చూడండి, రేపు ఆ తాళ్ల యంత్రాలెన్ని తిరుగుతాయో," అన్నారు సువార్తమ్మగారు.

ఆయన నవ్వు ఆపి సంతకం పెట్టారు.

అమ్మకం మాత్రం ఆగలేదు. స్వచ్ఛంద విరమణ పేరుతో చాలామందిని పంపేశారు, సువార్తమ్మగారితో సహా. కొత్త యజమాని మనుషులు షెడ్డు పడగొట్టడానికి వస్తే, మిగిలినవాళ్లం జాబితా చూపించాం. రాతలో ఉన్నదాన్ని ముట్టుకోవడానికి వాళ్లు వెనకాడారు. నా పిల్ల నడక నేర్చేదాకా అక్కడే నిద్రపోయింది. నా ఉద్యోగమూ నిలిచింది. ఆ మాట చెబుదామని సువార్తమ్మగారింటికి వెళ్తే, ఆవిడ అడిగింది ఒక్కటే. "తాళ్లు చూస్తున్నావా?"

నాకు ప్రతిదానికీ భయమే. పిల్లాడు దగ్గినా భయం, నిద్రలో కదలకపోయినా భయం. ఆ భయంతో ఏం చేయాలో ఆవిడ చూపించి వెళ్లారు. తాడు దూలానికి కట్టి, రెండు చేతులతో పట్టుకుని కాళ్లెత్తాను. దూలం కిర్రుమంది. తాడు తెగలేదు. పిల్లాణ్ణి పడుకోబెట్టాను.

రేపు పొద్దున్న మళ్లీ చూస్తాను.